రాజీనామా వార్డెన్

వార్డెన్ గారికి రాజీనామా చేసే అలవాటుంది. కొందరికి గోళ్లు కొరికే అలవాటున్నట్టే ఇదీనూ. వారానికోసారి, ఉగ్గబట్టుకోలేకపోతే ఇంకోసారి, పొద్దున్నే హాల్లోకొచ్చి, నడుముకున్న తాళాలగుత్తి ఊడదీసి, ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్ల చేతిలో పెట్టేవారు.

"ఇక నావల్ల కాదు. రాజీనామా. ఇవాళ్టికి నువ్వే వార్డెన్‌వి."

మర్నాడు టీ వేళకి ఏమీ జరగనట్టు గుత్తి వెనక్కి పుచ్చుకునేవారు.

ఇల్లూ వాకిలీ లేని కుర్రకారు తలదాచుకునే వసతిగృహం అది. పైన గదులు, కింద లాండ్రీ. హోటళ్ల పక్కదుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపుతారు. పని నేర్చుకున్నవాళ్లు ఎక్కడైనా ఉద్యోగం దొరగ్గానే వెళ్లిపోతారు. బస్టాండు బెంచీల మీద చాలాకాలం గడిపి వచ్చిన కొత్తమ్మాయికి ఈ రాజీనామాల సంగతి అంతుపట్టలేదు. బెంచీ మీద పడుకునేవాళ్లు చుట్టూ ఎవరు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో కనిపెట్టుకుని ఉండాలి. ఆమెకు ఆ గుణం ఇంకా పోలేదు.

వంటావిడని అడిగింది.

"ఒళ్లు బద్ధకం" అంది వంటావిడ.

"మరి రాజీనామా చేసిన రోజున లాండ్రీలో మూటలు మోస్తారేం?"

"అదే నాకూ తెలీదమ్మా. మోస్తే మోశారు, సరిగ్గానూ మొయ్యరు."

అది నిజం. లాండ్రీలో ఆయనంత చేతకాని పనివాడు ఇంకొకడు లేడు. సబ్బుపొడి వెయ్యమంటే మిషన్ నురగ కక్కేది. ఆరెయ్యమంటే దుప్పటితోపాటు ఆయనా చుట్టుకుపోయేవారు.

ఒకరోజు గుత్తి కొత్తమ్మాయి చేతికొచ్చింది.

"నాకొద్దండీ. నా చేతికెవరూ తాళాలివ్వరు."

"నేనూ ఇవ్వటం లేదు. వదిలించుకుంటున్నాను. నువ్వు పట్టుకున్నావు, అంతే."

మధ్యాహ్నానికల్లా హోటల్ దుప్పట్లన్నీ గులాబీరంగుకి తిరిగాయి. మిషన్‌లోంచి ఎర్రతువ్వాలు ఒకటి బయటపడింది.

"ఇదెవరు వేశారు?" అంది కొత్తమ్మాయి.

కుర్రాళ్లు నేల చూశారు. వార్డెన్ గారు చెయ్యెత్తారు.

"నేనేనండీ. కొత్తగా చేరాను."

"చూసి వెయ్యక్కర్లేదా?"

"వెయ్యాలండీ."

"కళ్లజోడేదీ?"

"నెత్తిమీదుందండీ."

"నెత్తికేం కనిపిస్తుంది? మీరిక మిషన్ జోలికి రాకండి. ఆ మూల కూర్చుని దిండు గలీబులు మడతపెట్టండి."

అంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు. వార్డెన్ గారు బుద్ధిగా వెళ్లి మూల కూర్చున్నారు.

తర్వాత ఆమె గుమ్మం దాకా వెళ్లింది. చిక్కు వచ్చినప్పుడల్లా ఆమెకు తెలిసిన మందు ఒకటే, వీధిలోకి వెళ్లిపోవడం. గుత్తితో వెళ్లిపోతే దొంగంటారు. ఇచ్చేసి పోదామంటే పుచ్చుకోవలసిన మనిషి మూల గలీబులు మడతపెడుతున్నాడు. చేసేదిలేక ఫోను తీసి హోటల్‌కి చేసింది.

"తప్పు మాదేనండీ. మళ్లీ ఉతుకుతున్నాం. పొద్దున్నకి పంపిస్తాం."

అవతలావిడ చెడామడా తిట్టి, సరేనంది. కొత్తమ్మాయి అందర్నీ తలో పనికి పురమాయించింది. దుప్పట్లు తెల్లబడ్డాయి.

కొన్నాళ్లకు ఆస్పత్రి లాండ్రీలో పనివాళ్లను చూసుకునే ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసింది. ఉద్యోగంతోపాటు ఉండటానికి గది. తనదంటూ ఒక తలుపు. కానీ అంతకుముందు వెళ్లిన ప్రతిచోటా అడిగింది ఒక్కటే: ముందెక్కడైనా నలుగురిచేత పని చేయించావా?

"మీకు ఫోన్ చేస్తారట. చేయించిందని చెప్పండి సార్" అని బతిమాలింది.

"అబద్ధమాడటం నాకు చేతకాదమ్మా. నీళ్లు నములుతాను. అవతలివాళ్లకి వినబడుతుంది."

ఆమెకు ఆశ జారిపోయింది. అయినా ఫోన్ మోగినప్పుడు ఆఫీసు గది తలుపు దగ్గరే నిలబడింది. వార్డెన్ గారికి చెవి కాస్త మందం, స్పీకరు పెట్టారు.

"ఆ అమ్మాయి ఎవరిచేతైనా పని చేయించిందాండీ?" అన్నాడు ఆస్పత్రి సూపర్‌వైజరు.

"చేయించిందండీ. నేను ఆవిడ కింద పనిచేశాను."

"ఎలా చూసుకునేది?"

"పెద్ద పని పాడుచేశాను. మందలించింది. నాకు చేతనయ్యే పనిలో వేసింది. బయట మాత్రం నా ఊసెత్తకుండా, తప్పు మాదంది."

"ఇంతకీ మీరక్కడ ఏం చేస్తారు?"

"వార్డెన్నండీ."

"వార్డెనై ఉండి ఆవిడ కింద ఎలా పనిచేశారండీ?"

"రాజీనామా చేసి."

కొత్తమ్మాయి ఆయన వైపే చూస్తోంది. ఆయన నీళ్లు నమల్లేదు. మాట ఎక్కడా తడబడలేదు. ఇన్నాళ్లూ అంతుపట్టని ఆ రాజీనామాల సంగతి ఆమెకు అప్పుడు అంతుపట్టింది.

సూపర్‌వైజరు నవ్వాడు. "సోమవారం పంపండి. అన్నట్టు, మా వంటశాలలోనూ మనుషులు కావాలి. మిమ్మల్నిలా ఏలినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఇల్లంతా వాళ్లేనండీ" అన్నారు వార్డెన్ గారు. "ఎలాంటివాళ్లు కావాలో చెప్పండి. అందరిచేతా చీవాట్లు తిన్నాను."