పడుగు కడిగిన నీళ్ళు

నా చిన్నతనంలో ఒక కరువు ఏడు... మా ఇంట్లో నీళ్ళకు కాపలా నేనే. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళుంటాయి. పత్తికొండ తట్టు మా ఊరు, మాది మగ్గాల వీధి. ఇంకా తెల్లదొరల కాలమే...

ఊరి పక్క వంక, అంటే వాగు, ఎండిపోయింది. ఆడవాళ్ళు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను టెంకాయ చిప్పతో తోడి కడవ నింపుకునేవాళ్ళు. ఒక కడవ నిండాలంటే సగం పూట కూర్చోవాలి. అందుకని ఏ నీళ్ళూ ఒక్కసారి వాడి పారబోసేది లేదు. కొర్రలు కడిగిన నీళ్ళు గంజికి... బండ మీద స్నానం చేస్తే జారిన నీళ్ళు తొట్టిలో పట్టి గుమ్మడి పాదుకు... అన్నం తినే తట్టలూ చెంబులూ బూడిదతో తోమి గుడ్డతో తుడవడమే. ఏ కుండలో ఏ నీళ్ళున్నాయో నాకు కంఠతా వచ్చు. అందుకు నాకు శానా గర్వం.

ఆ గర్వమే కొంప ముంచింది.

నాయన చీర అంచుల కోసం నూలుకు ఎర్రరంగు అద్ది, జాడించిన నీళ్ళు పారబోయమని నాకిచ్చాడు. కడవెడు నీళ్ళు... పారబోయడానికి చేతులు రాలేదు. మూలనున్న కుండలో దాచాను. రెండు రోజులకు రంగు అడుక్కి దిగి, పైన తేటగా కనిపించింది.

మూడో రోజు తెల్ల పడుగుకు గంజి పట్టాలి. పడుగంటే మగ్గానికి పొడుగునా ఎక్కించే నూలు. దాన్ని వీధి వెంబడి సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఎండ ముదరక ముందే అయిపోవాలి. ఒక ఇంటి పడుగుకు వీధంతా చేయి వేయడం మా వాళ్ళ ఆచారం. యుద్ధం రోజులు... నూలు దొరకడమే గగనం. ఆ పడుగు చెడితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే మా పొయ్యి ఆగుతుంది. అంత చిన్నదాన్నైనా నాకది తెలుసు.

కోడి కూసే వేళ అమ్మ, "పాపా, గంజిలోకి నీళ్ళు తేమ్మా" అంది. చెలమ నీళ్ళు మిగులుతాయి కదా అని ఆ తేట నీళ్ళే ముంచి తెచ్చి పోశాను. ముంచినప్పుడు అడుగు రంగు కదిలింది కాబోలు... బుడ్డిదీపం వెలుతురు... జొన్నపిండి గంజి ఎట్లాగూ మట్టిరంగే. ఎవరికీ తెలియలేదు.

తూరుపు తెల్లబడింది... పడుగు ఎర్రబడింది.

ఎదురింటి కదిరమ్మ పెద్దమ్మ ముందు చూసింది. "ఏమప్పా, బిడ్డకు పెండ్లి కుదిరిందా యేంది? పడుగు మీద వసంతం చల్లినావే!" అంది. అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు.

"గంజిలో నీళ్ళు ఎవురు పోసిరి?" అన్నాడు.

అమ్మ నా వైపు ఒక్కసారి చూసి, "నేనే పోసినా. చీకట్లో కండ్లు కనపడల్యా" అంది.

"ముప్పై ఏండ్లకే కండ్లు పోయినాయా నీకు?"

"పోయినాయి. ఇప్పుడు నన్ను తిడతావా, పడుగు కడుగుతావా? ఆరితే ఇంగ రంగు పోదు."

కడగాలంటే పది కడవలు కావాలి. మా ఇంట్లో ఒకటిన్నర ఉంది.

అడగడానికి అమ్మకు ముఖం చెల్లలేదు. వారం ముందే చెలమ కాడ, వంతు విషయంలో కదిరమ్మ పెద్దమ్మతో జుట్టు జుట్టు పట్టుకున్నంత పని అయింది. ఆ పెద్దమ్మే గబగబా లోపలికి పోయి, తన కడవ చంకన పెట్టుకొని వచ్చింది.

"యాడ చూస్తాండావే? పట్టు ఈ పక్క. నీ మీద కోపముండాది గానీ, పడుగు మీద నాకేముండాది?"

ఆమె వెనకే ఒక్కో ఇంటి నుంచి ఒక్కో కడవ వచ్చింది. పక్కింటి బాలింతరాలు కూడా పసిబిడ్డ స్నానానికి దాచుకున్న సగం చెంబు తెచ్చింది. అమ్మ వద్దంటే, "పోనీలే అక్కా, మా వాడు ఒక పూట మురిగ్గా ఉంటే ఏమైతాది, అసలే నల్లోడు" అని పోసేసింది.

పోశారు, పిండారు, మళ్ళీ పోశారు. ఎర్రనీళ్ళు వీధి వెంట పారాయి... నెలల తరబడి మా వీధిలో నీళ్ళు పారడం ఎవరూ చూడలేదు. అంతమందీ అట్లాగే చూస్తూ నిలబడిపోయారు.

రంగు చాలావరకు పోయింది. మగ్గం మీద పాత పడుగు ఇంకా ఉండగానే, వారం తర్వాత మళ్ళీ గంజి పట్టారు, మగ్గం ఆగలేదు. కానీ ఆ పూట మా వీధిలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. ఆడవాళ్ళంతా ఉత్త కడవలతో చెలమకు నడిచారు.

నేను అమ్మ వెంట పోయాను. దారిలో ఏడుస్తూ, "అమ్మా, పోసింది నేను" అన్నాను.

"నాకు తెల్దా? మిగిలియ్యాలనే కదా చేస్తివి. ఆ బుద్ధి పోగొట్టుకోవద్దు. ఈసారి రంగు చూసుకో, అంతే" అంది.

నాయన ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. తెలిసీ ఊరుకున్నాడేమో...

మా అమ్మాయికి ఈ ముచ్చటంటే ప్రాణం. ఎండాకాలం వస్తే చాలు, "అమ్మా, పడుగు సంగతి చెప్పు" అనేది. తను అమ్మమ్మ అయ్యాక కూడా అడిగేది. ఈ ఫోనులో రాయడం నాకు నేర్పిందీ తనే. పోయిన ఏడు నాకంటే ముందే వెళ్ళిపోయింది... ఈ ఎండాకాలం నన్ను ఎవరూ అడగలేదు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను. నా చదువు అంతంతే, తప్పులుంటే సర్దుకోండి.

తను పోయాక ఆ పది రోజులూ మా ఇంటికి అన్నం పంపినవాళ్ళున్నారు. వాళ్ళకూ, మా మగ్గాల వీధికీ చేతులెత్తి మొక్కుతున్నాను.

ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. సంతోషం, ఆ కరువు మళ్ళీ ఎవరికీ వద్దు. అప్పట్లో ఎవరింట్లో ఎన్ని చెంబుల నీళ్ళున్నాయో వీధికంతా తెలుసు. అందుకే ఎవరు ఎంత ఇచ్చారో కూడా తెలిసేది... ఇప్పుడు గోడ అవతల ఏముందో, ఏం లేదో ఎవరికి తెలుసు?

తమకే చాలనిది మీకు తెచ్చి పోసిన మనుషులు మీ చిన్ననాట ఉన్నారా... ఉంటే వాళ్ళ గురించి నాకు రాయండి. ఒక్కొక్కటీ కూడబలుక్కొని చదువుకుంటాను. పొద్దులు శానా పొడుగ్గా ఉన్నాయి నాకిప్పుడు...