ప్రొడ్యూసర్ లింబాద్రి నన్ను చంపిన వైనం

గల్ఫ్‌లో మా హమ్రియా రూమ్‌లో ఎనిమిది మందిమి ఉంటాం. ఏడుగురం కూలీలం, ఎనిమిదోవాడు ప్రొడ్యూసర్. లింబాద్రి అతగాడి పేరు. తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

వచ్చింది సెంట్రింగ్ పనికే. ఫోన్‌తో గల్ఫ్ కష్టాల మీద చిన్న నాటకాలు తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. నలుగురూ మెచ్చుకునేసరికి కళ్లు నెత్తికెక్కాయి. ఫోన్ పట్టే పని మా రూమ్‌లోని ఇస్తారికి అప్పగించి, తాను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మామీద కేకలేసేవాడు. శుక్రవారం సెలవు పూట బట్టలు కూడా ఉతుక్కోనిచ్చేవాడు కాదు. వేషాల పేర్లు మాకు గుర్తుండేవి కావు. అందుకని అందరికీ సొంత పేర్లే పెట్టాడు.

మొన్నటి శుక్రవారం నన్ను చంపాడు. సైట్‌లో పైనుంచి పడి చచ్చిపోయిన నర్సింగ్ నేనే. దుప్పటి కప్పుకుని పడుకున్నాను, ఇస్తారి ఫోన్‌ను గోడకు ఆనించి వచ్చి గుండెలు బాదుకున్నాడు.

రెండ్రోజులకు నా ఒక్కడికీ రూమ్‌కు చాలా దూరంగా ఉన్న బహ్లా సైట్‌లో డ్యూటీ పడింది. అన్నం వేళ ఫోన్ తీస్తే మా ఊరి గ్రూపులో ఆ వీడియో! నాటకమన్న మాట ఎక్కడా లేదు. కింద వరసగా దండాలు. నా భార్య సుమలత ఫోన్ ఇంట్లో పెట్టి నాట్లకు పోతుంది. ఆమె తిరిగొచ్చేలోపు దాన్ని తీయించాలి. లింబాద్రికి ఫోన్ చేశాను.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, తీసెయ్. సుమలత చూస్తది."

"ఏం కాదుర బై. అరవై వేల మంది చూసిండ్రు. జర పొద్దుమీకి దాంక ఆగు, లక్ష అయితది."

"నాటకమని రాస్తే నీ సొమ్మేం పోయింది? నీ నోట్ల మన్నువడ!"

"రాస్తే ఎవడు చూస్తడు?" అని పెట్టేశాడు. మళ్లీ చేశాను, మళ్లీ తిట్టుకున్నాం. చివరికి ఫోన్ ఆపేసుకున్నాడు, దుర్మార్గుడు. అరిచి అరిచి నా గొంతు నాది కాకుండా పోయింది.

గ్రూపులో 'నేను బతికే ఉన్న' అని రాశాను. 'పోయినోని ఫోన్‌తోని పరాచికాలాడుతున్నది ఎవడు?' అని ఎవడో నన్నే తిట్టాడు. వాణ్ణి అనీ లాభం లేదు. ఇక్కడ మనిషి పోతే రూమ్‌వాళ్లు అతని ఫోన్‌తోనే ఇంటికి కబురు చెప్పి, శవాన్ని పెట్టెలో పంపుతారు.

సుమలతకు చేస్తూనే ఉన్నాను. సాయంత్రానికి ఎత్తింది. వెనకాల ఆడవాళ్ల ఏడుపులు.

"నేనే, సుమా," అన్నాను బొంగురుగా.



"అన్నా, ఎవలు నువ్వు?" అంది నా భార్య. "పెట్టె ఎప్పుడు పంపుతరు?"