వెనక ఏముందో చెప్పు

మా పెదనాన్న అద్దాన్ని నమ్మేవాడు కాదు. ఆ కాలపు కార్లకి అద్దాలంటూ ఉంటే కదా నమ్మడానికి అని మీరనొచ్చు. నిజమే, పక్క అద్దాలు ఉండేవి కావు. లోపల, డ్రైవరు నుదుటికి ఎదురుగా, అరచేతిలో సగం ఉండే అద్దం ఒకటి బిగించి ఇచ్చేవారు. పెదనాన్న కారులో దానికి వెనక పూత ఊడిపోయి, వెనకాల లారీ వస్తే సగం లారీయే కనిపించేది. ఆయన ఆ కాస్త అద్దాన్ని కూడా కారు కప్పు వైపు తిప్పి పెట్టేశాడు.

“అద్దం మొహం చూసుకోవడానికమ్మా. బండి నడపడానికి దేవుడు మెడ ఇచ్చాడు. తిప్పు,” అనేవాడు.

అందరి మెడలూ అలా తిప్పించీ తిప్పించీ ఆయనకి ‘మెడ మేష్టారు’ అని పేరు పడిపోయింది. ఒక షెడ్డు, ఒక పాత ఆకుపచ్చ కారు, ఒక మేష్టారు. అదే ఆయన డ్రైవింగు స్కూలు. పక్కసీటులో కూర్చునే తన కాలికి అందేలా రెండో బ్రేకు ఒకటి వెల్డింగు చేయించుకున్నాడు. ఆ వెల్డింగు చేసినవాణ్ణి నమ్మక, వారం రోజులు పొద్దున్నే సుత్తి పట్టుకెళ్ళి దాన్ని కొట్టి చూసుకున్నాడట. ఆయన శిష్యులు వంటింట్లోంచి గదిలోకి వెళ్ళేటప్పుడు కూడా భుజం మీంచి ఓసారి వెనక్కి చూస్తారని అందరూ నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు గానీ, ముప్పై ఏళ్ళలో ఆయన శిష్యుల్లో ఒక్కరూ ఎవర్నీ గుద్దిన పాపాన పోలేదు.

ఆయన అనుమానం కారు దగ్గర ఆగేది కాదు. తాళం వేసి నాలుగుసార్లు లాగేవాడు. ఐదోసారి పెద్దమ్మ చేత లాగించేవాడు. పంక్చర్లు వేసేవాడే రోడ్డు మీద మేకులు చల్లుతున్నాడని ఆయన వాదన. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే ఆ రోజు నీళ్ళు ఎక్కువ కలిపాడన్నమాటే. “అనుమానం పెనుభూతం అంటారు. నేను కాపురానికొచ్చేసరికే అది ఈ ఇంట్లో పీటేసుకుని కూర్చుంది,” అనేది పెద్దమ్మ.

మా అమ్మా నాన్నా పోయాక నేను పెరిగింది వాళ్ళింట్లోనే. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఆస్పత్రులకి మందులు చేరవేసే వ్యాను నడపడానికి మనిషి కావాలంటే, నాకూ కారు నేర్పమని పెదనాన్నని అడిగాను. సవాలక్ష ప్రశ్నలు వేస్తాడనుకున్నాను. “రేపు పొద్దున ఆరింటికి రా,” అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకే అనుమానం వచ్చింది. ఎంతైనా ఆయన రక్తమే కదా.

ఆయన పద్ధతి ఏమిటంటే, కళ్ళకి కనిపించిందల్లా పైకి చెప్పాలి. స్టీరింగు పట్టుకున్న దగ్గర్నుంచి నోరు మూతపడకూడదు. కుడిపక్క సైకిలు. ఎడమపక్క కుక్క, పడుకునుంది. ఎదురుగా బస్సు, ఆగింది. వెనక ఎవరూ లేరు. చెప్పడం ఒక్క క్షణం ఆలస్యమైతే “నిద్రపోతున్నావా?” అని రెండో బ్రేకు తొక్కేవాడు. నోటితో చెప్పింది మనసుకి పడుతుందని, ఎంత గొప్ప పద్ధతో అని అందరూ మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకున్నాను, మూడు వారాల పాటు.

నాలుగో వారంలో ఒకరోజు కంగారులో నోరు జారాను. ఎదురుగా వస్తున్నది నీలం రంగు లారీ. నేను “ఎర్ర బస్సు” అన్నాను.

“ఊఁ. దూరం ఉంచు,” అన్నాడు పెదనాన్న.

లారీ మమ్మల్ని రాసుకుంటున్నట్టే వెళ్ళిపోయింది. ఆయన ఏమీ అనలేదు. మాటలో సగం అక్షరం మింగితే పట్టుకునే మనిషి, అన్నంలో రాయి కనపడితే అది ఏ కొట్టు నుంచి వచ్చిందో విచారణ చేసే మనిషి, లారీని బస్సంటే ఊఁ అన్నాడు! ఏదో ఆలోచనలో ఉన్నాడులే అని సరిపెట్టుకుందామనుకున్నాను. సరిపడలేదు.

మర్నాడు కావాలనే చెప్పాను. ఎడమపక్క ఒక పడుచుపిల్ల చంటిబిడ్డని ఎత్తుకుని నిలబడి ఉంది. “ముసలాయన, గొడుగు వేసుకున్నాడు,” అన్నాను.

“ముసలాళ్ళు ఉన్నట్టుండి అడ్డం పడతారు. నెమ్మదిగా పోనీ,” అన్నాడు.



ఇక అప్పట్నుంచి ఆయన్ని గమనించడమే నాకు పని. టీ గ్లాసుని వేళ్ళతో వెతుక్కుని తీసుకుంటున్నాడు. తాళం అన్నిసార్లు లాగేది అనుమానంతోనా, పడిందో లేదో కనపడకనా? పేపరు పెద్దమ్మ చేత చదివించుకుంటున్నాడు. ఎందుకని అడిగితే, “అబద్ధం అచ్చులో దాక్కుంటుంది, గొంతులో దొరికిపోతుంది” అన్నాడు. నెల కిందటైతే పడీపడీ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆయన చేసే ప్రతి పనికీ నాకు రెండో అర్థం కనిపించడం మొదలైంది.

పెద్దమ్మ గిన్నెలు తోముతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“పెద్దమ్మా, పెదనాన్నకి చూపు బాగానే ఉందా?”

పెద్దమ్మ తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. “ఆయనకేమే, గుండ్రాయిలా ఉన్నాడు.”

“నేనడిగింది కళ్ళ గురించి.”

“కళ్ళు కూడా గుండ్రంగానే ఉన్నాయి. పో, పోయి బట్టలు తియ్యి, వాన వచ్చేలా ఉంది.”

ఆకాశంలో మబ్బుతునక లేదు.

ఆయన పక్కసీటులో ఉన్నంతసేపూ నాకు అంత భయం లేదు. నడిపేది నేను, చూసేది నేను. భయమల్లా మా సందు గురించే. షెడ్డు సందు చివర ఉంది. సందులో కారు తిప్పడానికి చోటు లేదు కాబట్టి మొదట్నుంచి చివరిదాకా వెనక్కే తీసుకెళ్ళాలి. ఆ పని మాత్రం శిష్యులకి వదిలేవాడు కాదు. రోజూ సాయంత్రం పాఠం కూడా అయ్యాక సందు మొదట్లో సీట్లు మారి తనే స్టీరింగు ముందు కూర్చునేవాడు. మెడ తిప్పి, వెనక కిటికీ అద్దంలోంచి చూస్తూ, “వెనక ఏముందో చెప్పు” అనేవాడు. నేను చెప్పేదాన్ని. ఆయన తీసేవాడు. ఆ టైముకి సందు నిండా పిల్లలు. పాకే పిల్ల దగ్గర్నుంచి గోళీలాడే పిల్లల దాకా.

చూపు ఉందో లేదో తేల్చాలి. నా అనుమానం తప్పయితే, అది నా నోట్లోంచి బయట పడితే, ఆయన స్కూలు ఆ రోజుతో మూత. ముప్పై ఏళ్ళ పేరు నేను చేతులారా చెరిపినట్టు. నిజమైతే, నేను ఊరుకుంటే, ఏదో ఒక సాయంత్రం ఎవరింటి పిల్లో ఆ చక్రం కింద పడుతుంది. ఆ తలపుకే నాకు అన్నం సహించడం మానేసింది.

నేరుగా ఆయన్నే అడగొచ్చు కదా అంటారు. మా ఇంట్లో అడగడం అనే అలవాటు లేదండీ. కనిపెట్టడమే.

ఆ రోజు సాయంత్రం సందు మొదట్లో కారు ఆపాను. పెదనాన్న రోజూలాగే పక్క కొట్లో టీ తాగడానికి దిగాడు. నేను గబగబా సందులోకి వెళ్ళాను. పిల్లలందర్నీ మా వసారాలోకి తోలి, కాగితాలూ పెన్సిళ్ళూ ఇచ్చి, “బొమ్మలెయ్యండి, బాగా వేసినవాళ్ళని కారెక్కిస్తాను, గడప దాటారో తంతాను” అని తలుపు గొళ్ళెం పెట్టాను. వస్తూ వసారాలోంచి తెచ్చుకున్న పేము కుర్చీని సందు మధ్యలో, కారుకి పదిహేను అడుగుల దూరంలో పెట్టాను. ఎత్తు వీపు ఉన్న కుర్చీ. ఇంకా వెలుతురు బాగా ఉంది. వెనక్కి తిరిగి చూసిన మనిషికి ఆ కుర్చీ తప్ప ఇంకేమీ కనిపించదు.

పెదనాన్న వచ్చి కూర్చున్నాడు. నేను పక్కసీటులో, కాలు రెండో బ్రేకు మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మెడ తిప్పాడు. ఎలా తిప్పాడంటే, గడ్డం భుజానికి తగిలేంతగా, అందరికీ నేర్పే పద్ధతిలో, ఏ వంకా పెట్టడానికి లేకుండా. ఆయన మొహం సరిగ్గా కుర్చీకి ఎదురుగా ఉంది.

“వెనక ఏముందో చెప్పు.”

“ఏమీ లేదు పెదనాన్నా. ఎవరూ లేరు.”

ఆగుతాడని చూశాను. ‘కళ్ళు దొబ్బాయా, కుర్చీ కనపడట్లేదా’ అని తిడతాడని చూశాను. ఆ తిట్టు కోసం ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. ఆయన క్లచ్చి వదిలాడు. కారు నెమ్మదిగా, నిశ్చింతగా వెనక్కి కదిలింది. నా పాదం బ్రేకు మీదే ఉంది. తొక్కలేదు.

కుర్చీ పడింది. చక్రం దాని మీదికెక్కి ఆగింది. పేము పటపటమని విరిగిన శబ్దానికి ఇళ్ళలోంచి మనుషులు తొంగిచూశారు.

“ఏంటది?” అన్నాడు పెదనాన్న.

“కుర్చీ.”

“ఎప్పుడొచ్చింది?”

“ముందునుంచీ ఉంది.”

“నీకు కనిపించిందా?”

“కనిపించింది.”

“కనిపించి, లేదన్నావా?”

ఆయన ఇంజిను ఆపాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. 

“ఎవరు పెట్టారు?”

“నేనే.”

“అక్కడ పిల్లాడు కూర్చునుంటే?”

“నేనూ అదే అడుగుతున్నాను పెదనాన్నా. పిల్లాడు కూర్చునుంటే మీకు కనిపించేవాడా?” అనేసి ఏడ్చేశాను. కోపమో, బాధో, రెండూనో.

అప్పుడు చెప్పాడు. రెండేళ్ళ నుంచీ చూపు నడిమధ్యలో మసకట. పక్కచూపుకి మనిషి ఉన్నాడని తెలుస్తుంది, సూటిగా చూస్తే ఆ మనిషీ మాయం. పొద్దు వాలితే అదీ లేదు. పొరుగూరు వెళ్ళి ఒక డాక్టరుకి చూపించుకుంటే మందు లేదన్నాడట. నమ్మక ఇంకో ఇద్దరికి చూపించుకున్నాడు. “ముగ్గురూ ఒకటే మాట చెప్పారు. ముందే కూడబలుక్కున్నారు దొంగవెధవలు,” అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

తాళాలు తీసి నా ఒళ్ళో పెట్టాడు. “బండి నువ్వే లోపల పెట్టు,” అని దిగి, గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ ఇంటికి నడిచాడు. ఆయన అలా నడవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. దాచుకోవాల్సిన అవసరం అప్పుడే తీరిపోయినట్టుంది.

విరిగిన కుర్చీ పక్కకి లాగి, కారు షెడ్డులో పెట్టి వచ్చేసరికి పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పిల్లల్ని ఇళ్ళకి పంపేసినట్టుంది. కాగితాలు నేల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి.

“నీకు తెలుసు కదా,” అన్నాను. “ఎవరైనా చచ్చుంటే?”

“మిగతా శిష్యులు ‘ఏమీ లేదు’ అంటే ఆయన దిగేవాడే. టైర్లు చూస్తున్నట్టు చుట్టూ ఒకసారి నడిచి, తడిమి చూసుకుని వచ్చేవాడు. నేను చెప్పినా దిగేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం, నేను చెప్పినా దిగేవాడు.” పెద్దమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నువ్వు పక్కనుంటే దిగడట. ‘అది అబద్ధం చెప్పదే’ అన్నాడు నాతో. ఆయన నోటెంట ఆ మాట ఎవరి గురించీ వినలేదు నేను.”

నేను వంగి నేల మీది కాగితాలు ఒక్కొక్కటే ఏరాను.

మందుల వ్యాను ఉద్యోగానికి నేను వెళ్ళలేదు. స్కూలు నేనే నడిపాను. మొదటి నెలలోనే కారుకి రెండు పక్కలా అద్దాలు పెట్టించాను. పెదనాన్న వాటిని వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. రోజూ వెనకసీటులో వచ్చి కూర్చునేవాడు. శిష్యుల్ని తిట్టేవాడు, క్లచ్చి శబ్దాన్ని బట్టి తప్పులు పట్టేవాడు. నాతో మామూలుగానే ఉండేవాడు. కుర్చీ మాట ఒక్కనాడూ ఎత్తలేదు.

నేను చేసింది తప్పా అంటే, కాదు. ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ కుర్చీ పెడతాను. ఎవరు అడిగినా ఇదే చెప్తాను. రాత్రి పడుకున్నాక నన్ను నేను అడిగితే మాత్రం అంత గట్టిగా చెప్పలేను. ‘మీకు కనిపిస్తోందా పెదనాన్నా’ అని ఒక్క మాట అడిగితే ఏమయ్యేది?

సాయంత్రాలు సందు మొదట్లో నేను స్టీరింగు ముందు కూర్చునేదాన్ని. రెండు అద్దాలూ చూసి, మెడ తిప్పి చూసి, అలవాటు కొద్దీ పైకి చెప్పేదాన్ని. “వెనక ఏమీ లేదు పెదనాన్నా.”

వెనక తలుపు తెరుచుకునేది. ఆయన దిగేవాడు. కారుని పట్టుకుని వెనక్కి నడిచి, చేతులు చాపి, గాలిలో అటూ ఇటూ తడిమి చూసేవాడు. ఒంగుని చక్రాల కింద కూడా చెయ్యి పెట్టి చూసుకునేవాడు. వానొచ్చినా అంతే, జ్వరమొచ్చినా అంతే, పోయేదాకా తొమ్మిదేళ్ళూ అంతే. నేను ఇంజిను ఆపేసి, ఆయన వచ్చి కూర్చునేదాకా ఆగేదాన్ని.