‘లేవు’ అనని ఇల్లు

మొన్న మా కోడలు దుకాణానికి ఫోన్ చేసి, బియ్యం లేవు, త్వరగా పంపండి అని గట్టిగా చెబుతుంటే నేను ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. ఆమె ఉన్నమాటే అన్నది, తప్పేమీ లేదు. అయినా మా యాడికి ఊరి వైపు పల్లెల్లో పుట్టినవాళ్లకు ఆ మాట నేటికీ చెవిలో గుచ్చుకుంటుంది. ఇంట్లో గింజలు లేవని ఇల్లాలు నోటితో అంటే లక్ష్మి అలిగిపోతుందని భయం. అందుకే ఇంట్లోవాళ్లతో ‘నిండుకున్నాయి’ అనేది, బయటివాళ్లు అడిగితే ‘ఉన్నాయి’ అనేది. దీపం ఆరిందనకుండా కొండెక్కిందనడం లాంటిదే ఇదీనూ. చిన్నప్పుడు నేను నోరు జారితే మా అమ్మ తొడ మీద గిల్లి మరీ నేర్పింది.

తొంభైల చివర, నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చిన కొత్తలో, వానలు మొహం చాటేసి చెనిక్కాయ చేలన్నీ మాడిపోయిన ఏడు, కరువు బియ్యం ఎవరికివ్వాలో రాసుకు రమ్మని పంతుళ్లను ఇంటింటికీ పంపారు. తిండిగింజలు ఉన్నాయా లేవా అని కాగితంలో ఒక గడి. మా ఊళ్లోనే ఒంటరిగా బతుకుతున్న, నాకు పెద్దమ్మ వరసయ్యే ఆమె ఇంటికి పోయేసరికి, శుక్రవారం కదా, గడపకు పసుపు పూస్తూ ఉంది. వాకిట్లో గింజల బానలు రెండూ కడిగి బోర్లించి ఉన్నాయి. వాటిని చూస్తూనే, గింజలున్నాయా అని అడిగాను. ఆమె తలెత్తకుండా, “ఉండాయిలే నాయనా, మాకేమి తక్కువ” అన్నది.

ఆ మాట ఎందుకన్నదో నాకు తెలియనిదా? కానీ సొంతవాళ్ల పేర్లు ఎక్కించుకున్నాడని ఊరు ఆడిపోసుకుంటుందేమోనన్న పిరికితనం, కొత్త ఉద్యోగపు బడాయి, రెండూ కలిసి నా చేత ‘ఉన్నాయి’ అనే రాయించాయి. జాబితాలో ఆమె పేరు రాలేదు.

నెల తిరక్కముందే ఆమె ఆ వయసులో బళ్లారి వైపు కూలికి బయలుదేరింది. బస్సు దగ్గర నన్ను చూసి, మూట కింద పెట్టి, కోపం లేకుండానే అన్నది: “యాడోడో అయితే తెలీక రాసినాడనుకుందునప్పా. నీకు తెలుసు కదా.”

ఇప్పుడెవరూ అట్లా దాచుకోరు, లేనిది లేదంటారు, కావలసింది అడిగి తీసుకుంటారు, మంచిదే. కానీ చెప్పకపోయినా మనవాళ్లకు అర్థమవుతుందన్న నమ్మకం మీదే ఆ పాత మాటలన్నీ బతికాయి. పెద్దమ్మకు ఆ నమ్మకం లేకుండా చేసినవాణ్ణి నేనే.