నది గట్టు పండ్ల వైన్

లోవర్ హట్‌లో మా ఇంటి వెనక నది గట్టు మీద ఎల్డర్‌బెర్రీ పొదలు ఎవరూ నాటకుండానే పెరుగుతాయి. ఇక్కడివాళ్ల లెక్కలో అది కలుపు మొక్క. ఇక్కడి వేసవి ముగిసే ఫిబ్రవరి చివరికొచ్చేసరికి మిరియపు గింజంత నల్లటి పండ్లు గుత్తులు గుత్తులుగా కాసి కొమ్మలు వంగిపోతాయి. పక్షులు తిన్నంత తిని, మా ప్రహరీ నిండా ఊదా రంగు రెట్టలు వేస్తాయి. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆ మొక్కతో నాకున్న సంబంధమల్లా ఆ గోడ కడుక్కోవడమే.

ఒక శనివారం పొద్దున మా పక్కింటావిడ చేతికర్ర వంపుతో కొమ్మను కిందికి లాగి గుత్తులు కోస్తూ కనిపించింది. ఎనభై దాటిన ఆవిడ, ఇక్కడే పుట్టి పెరిగిన కివీ. ఒక్కతే ఉంటుంది, తన గడ్డి తనే కోసుకుంటుంది. ఈ పండ్లతో ఏం చేస్తారని అడిగాను.

"వైన్," అంది. "ఏటా ఇక్కడ ఊరి హాల్లో పూలూ కాయగూరల షో పెడతారు కదా, అందులో ఇంటి వైన్ పోటీ ఉంటుంది. చాలా ఏళ్లుగా మొదటి బహుమతి నాదే."

బయట ఎండగా ఉంది అన్నంత మామూలుగా చెప్పింది. నాకు మాత్రం లోపల చురుక్కుమంది. నేను సికింద్రాబాద్ పిల్లను. మా క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కి ద్రాక్ష వైన్ పెట్టడం ఆవకాయ పెట్టినంత మామూలు సంగతి. మా అమ్మ జాడీలో నల్లద్రాక్ష, చక్కెర, గుప్పెడు గోధుమలు, దాల్చినచెక్క, లవంగాలు వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి చీకటి మూలన పెట్టేది. పండుగ నాడు మా వీధిలో ఎవరింట్లో కేకు తిన్నా, గ్లాసు పట్టుకుని మాత్రం మా ఇంటికే వచ్చేవాళ్లు.

"ఎలా చేస్తారో నాకు చెప్తారా?" అని అడిగాను.

"పోటీకి వచ్చేవాళ్లకు చెప్పను."

"నేను పోటీకి రావడం లేదుగా."

ఆవిడ నా మొహంలోకి పరీక్షగా చూసింది. "వస్తావులే," అంది.

ఆ మధ్యాహ్నమే బకెట్ నిండా కోసుకొచ్చాను. అమ్మ ద్రాక్షను పిసికినట్టే కాడలతో సహా చేత్తో పిసికి, రుచి చూద్దామని గ్లాసెడు పచ్చిరసం తాగాను. సాయంత్రానికి కడుపులో తిప్పి ఒకటే వాంతులు. మా ఆయన హడలిపోయి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, పక్కింటావిడను పిలుచుకొచ్చాడు.

"పచ్చిగా తాగావా!" అని ఆవిడ నుదురు కొట్టుకుంది. "పచ్చి పండు కడుపుకి పడదు, కాడలు ఇంకా చెడ్డవి. కాడలన్నీ తీసి, ఉడికించాలి. పోటీ సంగతి సరే, ఇది మాత్రం ఎవరికైనా చెప్తాను." నాకు నెమ్మదించేదాకా మంచం పక్కనే కూర్చుని, గుక్క గుక్కగా నీళ్లు తాగిస్తూనే ఉంది.

తేరుకున్నాక మళ్లీ గట్టుకు వెళ్లాను. ఈసారి కాడలు తీసి, ఉడికించి, వడకట్టి, చక్కెర, ఈస్ట్ కలిపాను. కొన్ని వారాలకు బుడగలు తగ్గినట్టనిపించింది. సీసాల్లో పోసి, మూతలు బిగించి, గ్యారేజ్‌లో వరుసగా నిలబెట్టాను. చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి గ్యారేజ్ తలుపు ఎత్తేసరికి గాజు పెంకులు. గోడలూ సీలింగూ ఊదా. అక్కడ ఆరేసిన మా ఆయన తెల్ల షర్టులూ ఊదా.

"ఏందే ఇది? ఎవర్నన్న నరికిన్రా ఈడ?" అన్నాడు మా ఆయన. ఆయనది వరంగల్. "ఇగ చాలు. కౌంట్‌డౌన్ పెట్టిన బాంబు లెక్కున్నది నీ వైన్. షాపుకు పోయి మంచి సీసా కొనుక్కొస్త, హాయిగ తాగు."

"కొన్నది నేను చేసినట్టు ఎట్లయితది?" అన్నాను. చీపురు పట్టుకుని ఏడుస్తూ అన్నానని ఒప్పుకోవాలి.

అమ్మకు వీడియో కాల్‌లో గ్యారేజ్ చూపిస్తే నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "లోపల ఇంక పొంగుతుంటే మూత బిగిస్తరా బిడ్డా? పులిసేదానికి ఊపిరి ఆడాలె. నేను గుడ్డ ఎందుకు కడ్తననుకున్నవ్, అందానికా?"

మరుసటి వేసవికి నేను వేరే మనిషిని. ఫోర్కు ముళ్ల మధ్య కాడను లాగితే పండ్లు జలజల రాలతాయని కనిపెట్టాను. ఈ పండ్ల నుంచి గిన్నెలకు పట్టే ఆకుపచ్చ జిగురు సబ్బుకు లొంగకపోతే, పనసపండు కోసేటప్పుడు అమ్మ చేసినట్టు కొబ్బరినూనె రాసి వదిలించాను. గాలి బయటికి పోనిచ్చి లోపలికి రానివ్వని చిన్న గొట్టం కొని జాడీ మూతకు బిగించాను. అది టుబుక్కుమన్నప్పుడల్లా వంటింట్లో ఎవరో నాతో మాట్లాడుతున్నట్టు ఉండేది. చివరగా అమ్మ లెక్క ప్రకారం దాల్చినచెక్క, లవంగాలు వేశాను.

ప్రహరీ అవతలి నుంచి ఆ వాసన పట్టేసింది పక్కింటావిడ. "దాల్చినచెక్కా? నువ్వు చేస్తున్నది వైనా, కూరా?"

"మా అమ్మ ఇలాగే చేస్తుంది," అన్నాను. ఇంట్లోకొచ్చి ఇంకో ముక్క చెక్క వేశాను.

చలికాలమంతా అడుగున మడ్డి దిగినప్పుడల్లా పైతేట ఇంకో జాడీలోకి వంచుతూ వచ్చాను. వసంతంలో రుచి చూస్తే నాలుక పీక్కుపోయింది. "తొందర పడకు, దాన్ని పండనియ్యి," అంది అమ్మ. మూతలు బిగించేముందు బుడగలు పూర్తిగా ఆగాయో లేదో మా ఆయనే వంగి చూశాడు. షర్టుల మీద భయం.

మళ్లీ వేసవి వచ్చింది, షో వచ్చింది. పక్కింటావిడ అన్నట్టే నేనూ పోటీకి దిగాను. ఆ పొద్దున సీసాలు అప్పజెప్పి బయట నిలబడ్డాం. న్యాయనిర్ణేతలు తలుపులు వేసుకుని రుచి చూసి, చీటీలు పెట్టి వెళ్లాకే జనాన్ని లోపలికి వదులుతారు. తలుపు తెరవగానే పక్కింటావిడ కర్ర టకటకలాడిస్తూ నాకంటే ముందు నడిచింది. గుమ్మడికాయలు, స్కోన్ రొట్టెలు, డాలియా పూలు దాటుకుని వైన్ బల్ల దగ్గర ఆగి, కళ్లద్దాలు సవరించుకుని వంగింది. నేను ఆవిడ భుజం మీదుగా చూశాను.

ఆవిడ సీసా మీద రెండవ బహుమతి చీటీ. పక్కన నా సీసా. దాని మీద మొదటిది. కింద ఎవరో చేత్తో రాశారు: మసాలా పరిమళం అద్భుతం.

"గెల్చినవే!" మా ఆయన అరిచిన అరుపుకు హాలంతా ఇటు తిరిగింది. నా కాళ్లు నేల మీద ఉన్నట్టు లేదు. పక్కింటావిడ మాత్రం కదల్లేదు. ఆ చీటీని చదివి, మళ్లీ చదివింది. బాధపడిందేమోనని నేను ఒకడుగు వెనక్కి వేశాను. అప్పుడావిడ కర్రతో నేల మీద గట్టిగా ఒకటి కొట్టి, అందరికీ వినపడేలా అంది:

"ఈ అమ్మాయి మా పక్కింటి అమ్మాయి. మొదట చావబోయింది, ఆ తర్వాత గ్యారేజ్ పేల్చింది. ఇప్పుడు నన్ను ఓడించింది. ఎవరైనా గ్లాసులు తెస్తారా లేదా?"

గ్లాసులు వచ్చాయి. ఆవిడ నా వైన్ ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, మింగి, గ్లాసు మళ్లీ ముందుకు చాపింది. ఎన్నడూ చుక్క ముట్టని మా ఆయన కూడా తాగాడు. తాగి, "మస్తున్నది," అని అక్కడున్న ముసలాయన్ని కావలించుకున్నాడు. ఆ ముసలాయనకు తెలుగు రాదు కానీ తలూపాడు.

అమ్మకు వీడియో కాల్‌లో చీటీ చూపిస్తే, చిన్నప్పుడు నేను తెల్లగౌను వేసుకుని మొదటి బైబిలు వచనం అప్పజెప్పిన రోజు నవ్వినట్టు నవ్వింది. "ఆ ముసలామెకు మన లెక్క చెప్పకు," అంది వెంటనే.

ఇంటికి వెళ్లేటప్పుడు మా ఆయన తాగాడు కాబట్టి, గెలిచిన సంతోషంలో తాగడమే మర్చిపోయిన నేను డ్రైవ్ చేశాను. హాలు నుంచి మా ఇల్లు దగ్గరే. అయినా నది పక్క రోడ్డు మీదుగా ఊరంతా చుట్టి వెళ్లాను. వెనక సీట్లో పక్కింటావిడ ఆ ఖాళీ సీసాను ఒళ్లో పెట్టుకుని, లెక్క చెప్పమని దారి పొడవునా బతిమాలుతూనే ఉంది. అద్దాలన్నీ దించేసి, నేను గొంతెత్తి క్రిస్మస్ పాట పాడాను, మార్చి నెలలో.