కొండ మబ్బులో నాయన పెట్టెలు

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో నాదొక చిన్న షాపు. పాత స్పీకర్లు బాగుచేయించుకోవాలనుకునే వాళ్ళు అడ్రసు కనుక్కుంటూ వస్తారు, ఆడమనిషి స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చోవడం చూసి గడపలో కాసేపు తటపటాయించి లోపలికి వస్తారు. మొన్న వానల్లో కొండాపురం నుంచి ఒక పెద్దాయన, మిద్దె కారి తడిసిపోయిన స్పీకర్ల జత ఒకటి దుప్పటిలో చుట్టి ఆటోలో తెచ్చాడు. వెనక పలక విప్పగానే వాసన గుప్పుమంది. నానిన కాగితం, కరిగిన జిగురు, తుప్పు, వాటన్నిటి అడుగున ముగ్గిన టేకు చెక్క. స్పీకరుకు గొంతు లాంటిది లోపలుండే కాగితపు గరాటు. అది వణికితేనే పాట. నీళ్ళు తాగిందంటే ఉబ్బిపోయి, అంచులు ఊడి, మూగబోతుంది. ఆ తడి కాగితం వాసన తగిలితే నా చెయ్యి ఇప్పటికీ పని మధ్యలో ఆగిపోతుంది.

"ఏమ్మా, పనికి రావా ఇంక?" అని పెద్దాయన కంగారుపడ్డాడు.

"వస్తాయి, కూర్చోండి" అన్నాను గానీ, నేను అప్పటికే చిన్ననాటి ఉదయగిరిలో ఉన్నాను.

మా ఇల్లు కోటకొండ అడుగున, ఊరు అయిపోయి రాళ్ళు మొదలయ్యే చోట ఉండేది. మెట్టసీమలో వాన అంటే మాకు కార్తీకమే. అంతవరకూ ఎర్రగా ఎండి నెర్రెలు విచ్చిన చేల మీదికి తూర్పు నుంచి మబ్బులు వచ్చి, మా కొండకు తగులుకుని, ఇక కదలమన్నట్టు రోజుల తరబడి కూర్చునేవి. వసారాలో గంపలో మగ్గబెట్టిన సీతాఫలాల తీపి, పొయ్యి మీద సజ్జరొట్టె మాడే కమ్మదనం, దండెం మీద ఆరీ ఆరని పావడాల ముక్కిన వాసన, తడిసిన మేకల వెచ్చటి కంపు, నాగులచవితికి అమ్మ రోట్లో దంచే నువ్వుల చిమ్మిలి, అన్నీ కలిసి ఆ నెలంతా ఇంట్లో ఒకే గాలిగా తిరిగేవి. పక్కిల్లు సత్తార్ మామది. ఆయన పొద్దస్తమానం కొయ్య గరిటెలు చెక్కుతుంటే ఉలి చప్పుడు మా ఇంటి గడియారంలా వినబడుతుండేది, ఆ చెక్కపొట్టు ఏరుకొచ్చి మేము ఆడపిల్లలం బంకమట్టి బొమ్మలకు జుట్టు పెట్టేవాళ్ళం.

ఇంట్లో మేకలు అవ్వవి. నాయనమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. తాత పోయాక ఆ మేకలనే మేపి నాయనను పెంచి పెద్దచేసింది, ప్రతి మేకకూ ఒక పేరు, ప్రతి పేరు వెనకా ఒక కథ. వయసు మీదపడి చెవులు మందగించాయి. మా కీచు గొంతులు ఆమెకు అందేవి కావు, మేకల మెడలోని గంటలు కూడా అందేవి కావు, అయినా గంటను బట్టి కాక నడకను బట్టి ఏ మేక ఎక్కడుందో చెప్పేది.

నాయనకు మేకల మీద మనసు లేదు. ఆయనకు మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ వేపచెట్ల కొమ్మలకు రేకు హారన్లు కట్టి పాటలు పెట్టడమే ఆయన పని, కానీ ఆ హారన్ల గోల ఆయనకే గిట్టేది కాదు. "పాటను రేకు మీదేసి గీకినట్టుంటాది" అని విసుక్కునేవాడు. ఆ మనిషికి నెల్లూరులో ఒక పాత బంగళా ఖాళీ చేస్తుంటే, రికార్డులు వేసే బీరువా అంత రేడియోగ్రామ్ లోపలి నుంచి తీసిన రెండు జర్మనీ స్పీకర్లు కంటపడ్డాయి. అవ్వ కొండాపురంలో మా అత్త ఇంటికి పోయి ఉన్న వారంలో, ఆమె పాడి మేకలు రెండింటిని సంతకు తోలి, వాటిని కొనుక్కొచ్చాడు. కూలిపోయిన ఒక ఇంటి టేకు తలుపులు తెచ్చి సత్తార్ మామ వాటికి పెట్టెలు చేశాడు, అంచుల చుట్టూ సన్నటి తీగ కూడా చెక్కాడు.

అవ్వ తిరిగొచ్చి మేకల దొడ్డిలో నిలబడింది. చాలాసేపు నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. ఆ పూట నుంచి కొడుకుతో మాట మానేసింది.

ఆ మౌనంలో మేము ఎన్ని నెలలు బతికామో. ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని తింటూ నాతో మాట్లాడేవాళ్ళు. "మీ నాయనకు చెప్పుమే, దొడ్డి కప్పు కారతా ఉండాదని" అనేది అవ్వ. "రేపు కప్పిస్తానని చెప్పు మీ అవ్వకు" అనేవాడు నాయన. అమ్మ ఇద్దరి కంచాల మధ్య గరిటె పట్టుకుని, చెంబు కూడా చప్పుడు కాకుండా కిందపెడుతూ తిరిగేది. సాయంత్రం నడిమింట్లో పెట్టెలు పాడేవి. ఎవరూ తాకకూడదు. గాయకుడు మా చాప మీదే కూర్చుని, గుక్క తిప్పుకుని, మళ్ళీ అందుకున్నట్టు ఉండేది ఆ నాదం. ఆ లోతైన మోత అవ్వకు వినబడేదని నాకు గట్టి నమ్మకం. హారన్లు ఎంత మోగినా ఆమె తల కూడా తిప్పేది కాదు, ఈ పెట్టెలు గొంతెత్తగానే మాత్రం లేచి దొడ్డిలోకి వెళ్ళిపోయేది.

నాగులచవితి మర్నాడు పొద్దున సన్నగా తుంపర పడుతుండగానే అవ్వ గొంగడి కప్పుకుని, చేతికర్ర తీసుకుని మేకలను కొండకు తోలింది. వద్దని నాయన నాతో చెప్పించాడు. ఆమె విననట్టే వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి మబ్బు కొండ మీద నుంచి మా వాకిలి దాకా దిగింది. అన్నం వేళ దాటాక మేకలు వాటంతట అవే ఇంటికొచ్చాయి, నీళ్ళు కారుతూ, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ. వాటి వెనక అవ్వ లేదు. ఈనడానికి సిద్ధంగా ఉన్న మేక కూడా లేదు.

"మొండిది, ఆ మేక కోసమే ఆగిపోయి ఉంటాది" అన్నాడు నాయన కోపంగా. ఆ కోపం గడప దాటేలోపే భయమైంది.

వాడకట్టులోని మగవాళ్ళంతా పైకి పోయి అరిచారు. కొండ నిండా కూలిన గోడలు, పూడిపోయిన బావులు, అంచు కనబడని లోయలు. కట్టెలకు పోయిన ఒకామె అలాంటి మబ్బులోనే కాలుజారి పడిపోయిన సంగతి ఊరంతటికీ తెలుసు, అందుకే ఎవరూ ఆ మాట ఎత్తలేదు. సత్తార్ మామ తడిసి ముద్దయి తిరిగొచ్చి నాయన దగ్గర నిలబడ్డాడు.

"ఎంత అరిసినా లాభం లేదు రమణయ్యా. పక్కన నిలబడి అరిసినా ఆమెకు ఇనపడదు, ఈ మబ్బులో యాడ ఇనపడతాది?"

"హారన్లన్నా ఉండుంటే" అంది అమ్మ. హారన్లు వరికుంటపాడు దగ్గర పెళ్ళికి అద్దెకు పోయాయి, మధ్యలో వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. ఇంట్లో మిగిలింది పాత ఆంప్లిఫయరు ఒకటి, బ్యాటరీ ఒకటి.

నాయన నడిమింట్లోకి పోయి పెట్టెల ముందు నిలబడ్డాడు. తర్వాత వంగి వైర్లు పీకాడు.

"అది కాగితం రమణయ్యా, వానకు ఆగదు" అన్నాడు సత్తార్ మామ.

"తెలుసన్నా. పట్టు."

ఒక పెట్టెను మామ, ఒక పెట్టెను అమ్మ, యూరియా సంచులు కప్పి తలకెత్తుకున్నారు. నాయన భుజం మీద బ్యాటరీ, చంకలో ఆంప్లిఫయరు. మైకు నా చేతికిచ్చి తడవనివ్వద్దన్నాడు, నేను దాన్ని పావడా మడతల్లో పొదువుకుని మెట్లెక్కాను. పాచి పట్టిన రాళ్ళ మీద అమ్మ కాలు జారిన ప్రతిసారీ తల మీది పెట్టె ఒక పక్కకు ఒరిగేది. పగిలిన కోటగుమ్మం దగ్గర ఆగాం. అక్కడి నుంచి లోయ కనబడాలి. తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. మూతులు లోయకేసి తిప్పి పెట్టెలు దించారు. సంచి తీయకపోతే శబ్దం బయటికి రాదు, తీస్తే వాన. నాయన తీసేశాడు.

మైకు పట్టుకున్నాడు గానీ నోరు పెగల్లేదు. ఎన్నో నెలలుగా ఆయన పలకని మాట అది. పెట్టెలు ఊరికే గుయ్‌మంటుంటే మేము ఆయన ముఖం చూస్తూ నిలబడ్డాం.

"పిలువు!" అని అరిచాడు సత్తార్ మామ.

"అమ్మా" అన్నాడు నాయన.

ఆ పిలుపు మబ్బులోకి పోయి, ఎక్కడో గోడకు తగిలి మెల్లగా వెనక్కు వచ్చింది.

"అమ్మా, నేను, రమణయ్యను. యాడుండావో ఆడ్నే ఉండు, కదలబాక. ఇనపడితే కట్టెతో రాయి మీద కొట్టు. మేమే వస్తాం."

స్విచ్చి ఆపాడు. విన్నాం. ఆకుల మీద నీటి చుక్కలు. మళ్ళీ పిలిచాడు, మళ్ళీ ఆపి విన్నాం. గదిలో మెల్లగా పాడాల్సిన పెట్టెలవి, కొండకు కేకవేయాల్సినవి కావు. ఆయన శబ్దం పెంచుతున్నకొద్దీ ఎడమ పెట్టె గొంతు బొంగురుపోయి, బరబరమని, చిరిగిన గుడ్డలా కొట్టుకుని ఆగిపోయింది. ఆయన దానివైపు చూడను కూడా లేదు. వెలుగు తగ్గిపోతోంది. అమ్మ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకే తెలియదు. నాయన శబ్దం పెంచే మర చివరిదాకా తిప్పాడు.

"నిన్నడక్కుండా మేకల్ని అమ్మినాను, తప్పు నాదేనమ్మా. నాతో మాట్లాడబాక, ఇంక ఎప్పటికీ మాట్లాడబాక. ఒక్కసారి కట్టెతో కొట్టమ్మా."

ఆఖరి 'అమ్మా' సగం మాట, సగం చిరుగు. రెండో పెట్టె కూడా పోయింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో నాకు నా పళ్ళు కొట్టుకోవడం వినబడింది.

టక్.

సత్తార్ మామ చెయ్యెత్తాడు. మళ్ళీ టక్. మేము చూస్తున్న వైపు కాదు, కుడి చేతి వైపు, కోటగోడ కింద నుంచి. నాయనా మామా గోడ పట్టుకుని, రాయి రాయికీ కాలితో తడుముకుంటూ దిగారు. కాసేపటికి ముందు మేక వచ్చింది, తర్వాత నాయన చెయ్యి పట్టుకుని అవ్వ వచ్చింది. గొంగడి లోపల, రొమ్ముకు ఆనించుకుని, ఇంకా తడి ఆరని మేకపిల్ల. ఆమె కూర్చున్న చోటికి బారెడు దూరంలోనే లోయ అంచు ఉందని మామ తర్వాత అమ్మకు మెల్లగా చెప్పాడు.

అవ్వ వానలో తడుస్తున్న పెట్టెలను చూసింది. మేకపిల్లను నా చేతుల్లో పెట్టి, గొంగడి తీసి, రెండు పెట్టెలనూ దగ్గరికి జరిపి వాటి మీద కప్పింది. అప్పుడు నాయన వైపు తిరిగింది.

"ఏందిరా ఆ అరుపులు? నన్ను చెవిటిదనుకున్నావా?"

నాయన నవ్వబోయాడు, అది నవ్వు కాలేదు. గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

పెట్టెలను పొయ్యి దగ్గర ఆరబెట్టాం. ఆరినకొద్దీ కాగితాలు వంకర్లు తిరిగి పెళుసుబారాయి. అలాంటివి ఆ రోజుల్లో మద్రాసులో కూడా దొరకలేదు. నాయన మళ్ళీ కొనలేదు. అవ్వ మాత్రం మాట్లాడడం మొదలుపెట్టింది, నెలల తరబడి దాచుకున్న తిట్లన్నీ తీరుబడిగా తిట్టింది, ఆయన అన్నం తింటూ అన్నీ విన్నాడు. "అవెప్పుడు పాడతాయిరా?" అని అప్పుడప్పుడూ ఆమే అడిగేది. నేను రాగితీగ చుట్టలు చుట్టడం, కొత్త గరాటు అతికించడం నేర్చుకుని ఆ జతను మళ్ళీ పలికించేసరికి ఆమె లేదు. నాయన విని, "బాగుండాదిమే" అన్నాడు. కాసేపాగి, శబ్దం కాస్త తగ్గించమన్నాడు. ఇప్పుడు ఆయనా లేడు.

కొండాపురం పెద్దాయన జతకు కొత్త కాగితాలు వేసి పంపిన వారమే ఉదయగిరి వెళ్ళాను. మబ్బు ఎప్పటిలాగే కొండ మీద కూర్చుని ఉంది. కోటగుమ్మం దాకా ఒక్కదాన్నే ఎక్కాను. కింద బోరు వేస్తున్న లారీ గర్జిస్తోంది. రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి బైకులు, ఏదో ఊరేగింపులో అదురుతున్న డీజే. ఆ రోజు గదిలో పాడే పెట్టెల పిలుపు లోయ దాకా పోయిందంటే అందులో సగం గొప్ప ఆ పెట్టెలది, సగం చప్పుడు లేని కొండది. అప్పట్లో కింద ఎవరైనా దగ్గితే పైన తెలిసే కొండ అది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సంచిలో ఫోను వణికింది. ఇంకా ఆ ఇంట్లోనే ఉంటున్న మా తమ్ముడు.

"యాడుండావక్కా? మెట్ల కిందనే నిలబడి ఇందాకట్నుంచి పిలస్తా ఉండాను. ఇనపడలా?"