రాళ్లు ఏరే తల్లీకూతుళ్లు

కొమరోలు పక్క ఊళ్లో గొర్రెలు మేపే మాలకొండమ్మకు రాళ్ల పిచ్చి అని పేరు. పెట్టింది అత్తగారు, మోసింది ఊరు. సాయంత్రం గొర్రెలు తోలుకుని ఇంటికొచ్చే కోడలి కొంగులో కట్టెపుల్లలుండాలి గాని పలుగురాళ్లుంటే ఏ అత్త ఊరుకుంటుంది? వంగపువ్వు రంగు చారలున్నవి, ఎండకు మెరిసేవి, పలకలుగా విడిపోయే నల్లవి, మాలకొండమ్మ చిన్నప్పటి నుంచీ ఏరుతూనే ఉంది. ఎందుకని అడిగితే బాగున్నాయి గనక అనేది. మగవాళ్లు పొద్దంతా పేకముక్కలు కలుపుతూ కూర్చుంటే అది కాలక్షేపం. ఆడది వంగి ఒక రాయి తీసి చూస్తే పిచ్చి.

స్రవంతి పుట్టాక ఆ పిచ్చికి తోడు దొరికింది. దొరకడానికి మాత్రం చాన్నాళ్లు పట్టింది. ఆ పిల్ల పిలిస్తే పలికేది కాదు, మనిషి ముఖంలోకి చూసేది కాదు, ఎవరైనా ముట్టుకుంటే వాత పెట్టినట్టు అరిచేది. మార్కాపురంలో పిల్లల డాక్టరు ఆటిజం అన్నాడు. ఇది దెయ్యమూ కాదు, ఎవరి పాపమూ కాదు, పిల్ల తీరే ఇది, తన దారి ఏదో చూసి మీరే అటు నడవండమ్మా అని చెప్పి పంపాడు. ఊరికి ఆ మాట ఎక్కలేదు. గాలి సోకిందన్నారు. పెళ్లికి పిలవడానికొచ్చిన వాళ్లు పిల్లను ఇంట్లోనే వదిలి రమ్మని చెప్పి మరీ బొట్టు పెట్టారు. తండ్రి అంకన్న తల దించుకుని ఒక్కడే వెళ్లి, వెనక బంతిలో తిని వచ్చేవాడు.

ఆ పిల్లే ఒకనాడు తల్లి తెచ్చిన రాళ్లన్నీ కింద పోసి, తెలుపు నుంచి నలుపు దాకా రంగు పక్కన రంగు వరుసగా పేర్చింది. మధ్యలో ఒక రంగు తక్కువైంది. లేచి తల్లి చెయ్యి పట్టుకుని గుట్ట వైపు లాక్కుపోయింది. కన్నబిడ్డ తనంతట తాను చెయ్యి పట్టుకోవడం మాలకొండమ్మకు అదే మొదలు. 

ఆ తర్వాత ఇద్దరూ బోరు బండ్ల వెంట పడ్డారు. ఈ మెట్టసీమలో ఎప్పుడూ ఎవరో ఒకరు బోరు వేయిస్తూనే ఉంటారు. నేలను తొలిచే కొద్దీ రాతిపొడి పైకి వచ్చి కుప్ప పడుతుంది, లోతు మారితే పొడి రంగు మారుతుంది. బండి మోత స్రవంతికి పడదు. అందుకని బండి ఊరు దాటాకే వెళ్లి, ఒక్కో రంగు పిడికెడు తెచ్చి సీసాల్లో పోసుకునేవారు. పిల్లకు మాటలొచ్చింది ఆ కుప్పల దగ్గరే. "అమ్మా, బూడిద." "అమ్మా, ఎరుపు." మాలకొండమ్మకు ఇంకే మాటలూ అక్కర్లేకపోయింది.

అంతా బాగానే ఉంది, ఊళ్లో మోతుబరి రైతు వెంకటేష్ బత్తాయి తోట దాకా. ఆ తోట పక్క బీట్లో పలుగురాయి తేలిన చోటొకటుంది. స్రవంతి అక్కడ కూర్చుని ఎంత పిలిచినా లేవలేదు. తర్వాత కొద్ది రోజులకే వెంకటేష్ ఆ దగ్గర్లోనే బోరు వేయించాడు, నీళ్లు పడ్డాయి. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగాయి, ఊరు మాత్రం కాకికి గుడి కట్టింది. పిల్ల ఒంట్లో గంగమ్మ ఉందన్నారు. నిన్నటి దాకా గుమ్మం తొక్కనివాళ్లు టెంకాయలు పట్టుకుని వచ్చారు. వెంకటేష్ ఇంటి ముందు అంకన్నకు కుర్చీ వేశారు. ఇన్నేళ్లు వెనక బంతిలో తిన్న మనిషికి కుర్చీ తలకెక్కదా? ఎక్కింది.

ఇది తప్పని మాలకొండమ్మ మొగుడితో చెప్పింది, వెంకటేష్ భార్యతో చెప్పింది, వినిపించుకున్నవాళ్లు లేరు. వెంకటేష్ రెండో బోరుకు నీళ్లు పడే పాయింటు ఆ పిల్ల చేతే పెట్టించాలనుకున్నాడు. మాలకొండమ్మ గొర్రెల వెంట గుట్టకు పోయిన పూట, ఒక్కసారికి ఏమవుతుందిలే అని అంకన్న పిల్లను పంపాడు. పసుపు చీర చుట్టారు, నుదుట తడి కుంకుమ అద్దారు, అరచేతిలో టెంకాయ పెట్టి ముందూ వెనకా డప్పులు కొడుతూ పొలమంతా తిప్పారు. గాలి తగిలితేనే ఉలిక్కిపడే పిల్ల అది. చెవులు మూసుకుందామంటే చేతులు పట్టుకున్నారు. అరిచింది, కరిచింది, చివరికి నేల మీద పడి కొట్టుకుంది. పూనకమొచ్చిందని జనం దండాలు పెట్టి, పడిన చోటే నిమ్మకాయ పాతి గుర్తు పెట్టారు. బిడ్డ ప్రాణం మీదికొస్తే దాన్నీ పాయింటు కింద జమ కట్టిన భక్తి అది.

ఆనాటి నుంచి స్రవంతి రాయి ముట్టలేదు. మాలకొండమ్మ సీసాలు ముందు పెడితే తోసేసి కొంగులో ముఖం దాచుకునేది. ఒక్క రంగు పేరూ నోట రాలేదు.  బిడ్డ మాలకొండమ్మతో పంచుకున్నది అదొక్కటే. దాన్నే లాక్కున్నారు.

బోరు వేశారు. ఎంత లోతు దిగినా పొడి తప్ప చుక్క నీరు లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పు పిల్ల మీద పడింది. బండి వెళ్లిపోగానే వెంకటేష్ పొలం దగ్గరికి రమ్మని కబురు పెట్టాడు. భార్యాభర్తలు వెళ్లారు, కొంగు వదలని పిల్ల కూడా వెంట వెళ్లింది. పొడి కుప్ప చుట్టూ జనం శవం చుట్టూ నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

"అంకన్నా, అమ్మవారికి కోపమొచ్చినాది," అన్నాడు వెంకటేష్. "శాంతి చేపించాల. పాపకు పసుపునీళ్లు పోసి, డప్పులతో ఇంకోసారి పొలం తిప్పుదాం. లేకుంటే ఊరికే అరిష్టం."

 మాలకొండమ్మ ముందుకొచ్చింది.

"వెంకటేషన్నా, నీళ్లు చూపిస్తానని నా బిడ్డ నీకెప్పుడన్నా చెప్పినాదా? అది రాయి కోసరం కూర్చున్నాది. నీళ్లనేది మీరు అనుకున్నారు. మొన్నటిదాంక పిచ్చిదన్నారు, నిన్న అమ్మవారన్నారు, ఈ పొద్దు అరిష్టమంటుండారు. ఇంతకీ దాని పేరేందన్నా? పేరు చెప్పు, నేనే తోలుకొస్తా."

వెంకటేష్ నోరు తెరిచాడు. అమ్మవారని మొక్కిన నోటికి పేరు రాలేదు. పక్కవాళ్ల వైపు చూశాడు. వాళ్లు నేల వైపు చూశారు. చివరికి అంకన్న వైపు చూశాడు. అంకన్న అందించలేదు. నడిచొచ్చి పెళ్లాం పక్కన నిలబడ్డాడు.

అప్పుడే కొంగు వదులైనట్టు మాలకొండమ్మకు తెలిసింది. స్రవంతి కుప్ప దగ్గరికి వెళ్లి చెయ్యి మోచేతి దాకా పొడిలో దోపింది. పిడికిలి తీసి విప్పి, ఎండలో పట్టుకుని నవ్వింది.

"అమ్మా, నీలం."

తమ నష్టాన్ని చూసి నవ్వుతోందని ఎవరో గొణిగారు. మాలకొండమ్మ అటు తిరగలేదు. అందరికీ వీపు పెట్టి కుప్ప పక్కన చతికిలబడి, "ఏదీ, చూపీ," అంటూ అరచెయ్యి చాచింది.